పెరటి గుమ్మంలోంచి వచ్చిన ఏరు

ఆదివారం పొద్దున్న ఏమీ జరగకూడదు. ఇది నా చిరకాల సిద్ధాంతం. ఆరు రోజులు కాలేజీలో గొంతు చించుకున్నవాడికి ఏడో రోజున ఓ అరగంట ఎక్కువ నిద్ర, రెండో కప్పు కాఫీ, చేతిలో పేపరు, ఆ తరవాత మార్కెట్టుకి బయల్దేరుతూ "కూరేం తెమ్మంటావు?" అనే ప్రశ్న - ఇంతకు మించి సంఘటనలు ఉండరాదు. మా ఆవిడ ఈ సిద్ధాంతాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు గాని, మా వీధి మాత్రం పదేళ్ళుగా దాన్ని మన్నిస్తూనే వచ్చింది. 2024 సెప్టెంబరు 1వ తేదీ దాకా.

మేముండేది బెజవాడలో. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగి లోపలికి వెళితే వచ్చే అనేకానేక సందుల్లో ఒకటి మాది. కింద వాటాలో మేం నలుగురం - నేను, మా ఆవిడ, మా అమ్మ, ఇంటర్మీడియట్ చదివే మా అబ్బాయి. పై వాటాలో ఇంటివారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆవిణ్ణి మేం పిన్నిగారంటాం. అంటాం అనడం కూడా సరికాదు, అనేవాళ్ళం. అప్పటికి ఎనిమిది నెలలుగా మాకూ వాళ్ళకూ మాటల్లేవు.

కారణం మోటారు. కింద బోరు నుంచి మేడ మీది ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు కరెంటు ఖర్చు చెరి సగమని ఒప్పందం. వాళ్ళిద్దరూ, మేం నలుగురం కనక మూడింట రెండు వంతులు మేం కట్టాలని పిన్నిగారి వాదం. వాళ్ళ పూలకుండీలు ఎన్ని బకెట్లు తాగుతున్నాయో లెక్క తియ్యమని నా ప్రతివాదం. ఆ కుండీలు నేను లెక్కపెట్టిన మాట నిజమే. ముప్ఫై ఒకటి. అప్పటి నుంచీ మా అబ్బాయే రాయబారం నడుపుతున్నాడు.

శనివారమంతా వాన. మామూలు వాన కాదు, పొద్దున మొదలై ఊపిరి తిప్పుకోకుండా కురిసిన కుండపోత. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారని తెలిసి మా అమ్మ అన్నం సరిగ్గా తినలేదు. రాత్రి అందరం టీవీ ముందు కూచుని కృష్ణ ఎంత పెరిగిందో చూస్తున్నాం. బెజవాడ వాళ్ళకు వరద అంటే కృష్ణే కదా. ప్రకాశం బ్యారేజి దగ్గర ఎన్ని గేట్లు ఎత్తారో మాట్లాడుకుంటాం, ఘాట్ల మెట్లు ఎన్ని మునిగాయో చూసొచ్చి చెప్పుకుంటాం. అది మా ఊరికి వీధి గుమ్మం లాంటిది. కాపలా అంతా అక్కడే.

రాత్రి తొమ్మిదింటికి బయట వాన కురుస్తుండగానే మోటారు మోత వినబడింది.

"చూశావా? ఆకాశం మొత్తం నెత్తిన పడుతుంటే ఈవిడకు ట్యాంకు నింపాలని ఉంది! బిల్లులో సగం మనదేగా!" అన్నాను.

"పడుకోండి," అంది మా ఆవిడ.

తెల్లవారుజామున అయిదున్నరకి కాబోలు, స్నానాలగదిలోంచి గుడగుడమని చప్పుడు. ఎవరో హుక్కా పీలుస్తున్నట్టు. అమ్మ లేచిందేమో అనుకున్నాను. మళ్ళీ గుడగుడ. లేచి వెళ్ళి దీపం వేద్దును గదా, కరెంటు లేదు. సెల్‌ఫోను వెలుగులో చూస్తే, నీళ్ళు బయటికి పోవలసిన కంతలోంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. నల్లగా, ఏమీ తొందర లేకుండా.

గుమ్మం తీసి చూశాను. వాన లేదు. తుంపర, అంతే. వీధి నిండా నీళ్ళు ఉన్నాయి గాని అవి వాన నీళ్ళలా నిలిచి లేవు. నడుస్తున్నాయి. ఎదురింటి గేటు ముందు నుంచి ఒక ప్లాస్టిక్ చెప్పు, ఓ కొబ్బరి డొక్క, వాటి వెనక ఓ పాల ట్రే బారుగా పోతున్నాయి. ఆ ట్రే మా పాలబ్బాయిదే అయివుంటుంది. గేటు ఊచలకు ఓ నీరుకట్టు పాము చుట్టుకుని, మా అందరికన్నా ముందు పరిస్థితి అర్థమైన దానిలా పైకి చూస్తోంది.

"బుడమేరు!" అని ఎవరో మేడ మీంచి అరిచారు.

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. మున్నేరు, పాలేరు, తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు - ఈ పేర్ల చివర ఉన్న 'ఏరు'ని విడదీసి ఏటా క్లాసులో చూపిస్తాను. ఇంటికి ఎవరైనా దారి అడిగితే మాత్రం "బుడమేరు కాలువ దాటాక" అంటాను. మా అబ్బాయి తరం అది కూడా అనదు, 'డ్రెయిను' అంటుంది. గుర్రపుడెక్క పట్టి, చెత్త నిండి, రెండు పక్కలా ఇళ్ళు తోసుకొచ్చి, మధ్యలో సన్నగా నల్లగా మిగిలిన ఆ నీటిగీతను చూస్తే ఎవరికైనా ఏరు అనబుద్ధి కాదు. ముక్కు మూసుకోబుద్ధి అవుతుంది.

కాని అది ఏరే. మైలవరం వైపు కొండల్లో పుట్టి, దారిలో చిన్నా చితకా వాగుల్ని కలుపుకుని, కొల్లేటికి పోయి చేరుతుంది. బెజవాడను ముంచుతోందని ఎప్పుడో వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరద నీటిని డైవర్షన్ కాలువలోకి తిప్పి బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. కృష్ణలో చోటుంటే ఏర్పాటు భేషుగ్గానే ఉంటుంది. కృష్ణే పొంగుతుంటే ఈ నీళ్ళను ఎవరు పుచ్చుకుంటారు? మా ఆదివారానికి మర్నాడు బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. 1957లో బ్యారేజి పూర్తయినప్పటి నుంచీ అంత ఎన్నడూ లేదు, 2009 నాటి వరద కూడా దీని తరవాతదే. అంచేత కృష్ణ ఒప్పుకోలేదు. కాలువ కట్టకు కవులూరు ప్రాంతంలో మూడుచోట్ల గండ్లు పడ్డాయి. రెగ్యులేటరు గేట్లూ ఎత్తవలసి వచ్చింది. ఏరు తన పాత దారి వెతుక్కుంటూ వచ్చింది. ఆ దారిలో ఇప్పుడు మేమున్నాం. 2005లో కూడా వచ్చింది కదా అంటే, వచ్చింది. ఆ తరవాత కట్టిన ఇళ్ళలోనే మా ఇల్లూ ఒకటి.

ఇవన్నీ తరవాత తెలిసిన సంగతులు. ఆ క్షణాన నాకు తెలిసిందల్లా నీళ్ళు గడప దాటాయని.

మనిషి ఇల్లు మునిగేటప్పుడు ముందు ఏం పట్టుకుంటాడో చూస్తే వాడి బతుకేమిటో తెలిసిపోతుందంటారు. నేను జవాబు పత్రాలు పట్టుకున్నాను. రెండు సెక్షన్ల పేపర్లు, నూట పద్దెనిమిది, ఇంకా దిద్దనివి. వాటిని నెత్తిన పెట్టుకుని మేడమెట్ల మలుపులో దించి వచ్చాను. రెండోసారి నిఘంటువులు. మూడోసారి మా నాన్నగారి పుస్తకాల ట్రంకుపెట్టె. ఈలోగా మా ఆవిడ అమ్మను పైకి చేర్చింది. అమ్మ ఇన్సులిన్ సీసాలను ఫ్రిజ్‌లో ఉన్న ఐసు గడ్డలతో సహా మంచినీళ్ళ ఫ్లాస్కులో వేసింది. బియ్యం డబ్బా, గ్యాసు సిలిండరు, పొయ్యి మెట్ల మీదికి తోయించింది. ఇంటి పత్రాలూ, అబ్బాయి సర్టిఫికెట్లూ నడుముకు చుట్టుకుంది. అప్పటికి నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. ఫ్రిజ్ మెల్లిగా వెల్లకిలా పడి గది మధ్యకు తేలుతూ వచ్చింది. ఫ్రిజ్ తేలుతుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

పైన తలుపు వేసే ఉంది. మా సామానంతా మెట్ల మీదే. తట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఎనిమిది నెలలు మరి! ఇంతలో తలుపు దానంతటదే తెరుచుకుంది. పిన్నిగారు నా నెత్తి మీది ట్రంకుపెట్టెను, నన్నూ ఎగాదిగా చూశారు.

"మెట్ల మీద పెడితే తడిసిపోవూ? లోపల పెట్టండి," అన్నారు.

పెట్టాను. నాలుగోసారి కిందికి దిగబోతున్నాను, టేకు కుర్చీ కోసం. మా ఆవిడ మెట్ల దగ్గర టార్చి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమండీ, వెనకింటి తాతగారేరీ?"

పాఠకులకు ఇంతవరకూ ఆయన సంగతి చెప్పలేదు. చెప్పకపోవడంలో ఎత్తుగడేమీ లేదు. ఆ పొద్దున నాకూ అలాగే గుర్తు రాలేదు. మా ప్రహరీలోనే, పెరటివైపు ఓ రేకుల ఇల్లుంది. ఓ ఆటో నడిపే కుర్రాడు, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, పక్షవాతంతో మంచాన పడ్డ అతని తండ్రి. కుర్రాడు రాత్రిళ్ళు స్టేషను దగ్గర ఆటో తిప్పి తెల్లారాక వస్తాడు. పెరడు మా ఇంటి కంటే రెండడుగులు పల్లం. మా గదిలో మోకాలి లోతుంటే అక్కడ ఎంత ఉండాలో లెక్క కట్టడానికి ఎమ్మే అక్కర్లేదు.

నేనూ మా అబ్బాయీ సందులో పడ్డాం. గోడ పట్టుకుని నడిచాం. నీళ్ళు నడుము దాటాయి. వెనక ఎవరో దిగుతున్న చప్పుడైతే తిరిగి చూశాను. లుంగీ ఎగగట్టి గార్డుగారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. చేతిలో ప్లాస్టిక్ కుర్చీ.

రేకుల ఇంట్లో ఆ అమ్మాయి పిల్లలిద్దర్నీ అటక మీద కూచోబెట్టింది. తను మంచం మీద నిలబడి మామగారి తల నీళ్ళకు పైన పట్టుకుని ఉంది. మంచం కింద నాలుగు ఇటుకలు. ఆ ఇటుకలు ఒక్కతే ఎప్పుడు పెట్టిందో! అరవలేదా అంటే అరిచిందట. మేం వినలేదు. ఆ సమయానికి నేను నిఘంటువులు మోస్తున్నాను.

కుర్చీలో ఆయన్ను కూచోబెట్టి తువ్వాలుతో నడుముకు కట్టాం. ముందు ఇద్దరం, వెనక గార్డుగారు. కుర్చీని భుజాల ఎత్తుకు లేపాం. రైలు దిగిపోయి ఎన్నాళ్ళయినా ఆయన గార్డే. "ఆగండి... ఇప్పుడు కదలండి... ఎడమ పక్క గుంట ఉంది," అంటూ వెనకనుంచి పచ్చజెండా ఊపినట్టే నడిపించారు. పెద్దాయన బరువు ఏమంత లేదు. నీళ్ళ తోపుడే ఎక్కువ. ఒకచోట నా కాలు జారి కుర్చీ ఓ పక్కకు ఒరిగింది. ఆయన మంచిగా ఉన్న చేత్తో నా జుట్టు పట్టుకున్నారు. ఉన్నదే కొంచెం. అయినా ఆసరా ఆసరాయే. పిల్లల కోసం మా అబ్బాయి మళ్ళీ వెళ్ళాడు. వద్దనడానికి నోరు రాలేదు, వెళ్ళమనడానికీ రాలేదు.

అందరం పైకి చేరి, గార్డుగారి మంచం మీద పెద్దాయన్ను పడుకోబెట్టాక, ఆ అమ్మాయి తల తుడుచుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది.

"రాత్రి నుంచీ చెబుతానే ఉన్నాడు మాస్టారూ, నాకే తెలవలా. 'ఏరు, ఏరు' అంటాడు. మాట సరిగా రాదు గదా. నేను అప్పుడు చాట ముందేసుకుని కోటా బియ్యంలో రాళ్ళేరుతన్నా. సరిగా ఏరమంటన్నాడేమో అనుకుని 'ఏరతన్నాగా మావయ్యా, పడుకో' అన్నా. రాత్రంతా అంటానే ఉన్నాడు."

పెద్దాయనది బుడమేటి ఒడ్డున ఓ పల్లె. మంచాన పడేదాకా ఆ పొలాల్లోనే బతికాడు. కొత్తనీటి వాసన ఆయనకు అర్ధరాత్రే తెలిసింది కాబోలు. ఏరు అంటే ప్రవాహం, ఏరు అంటే నాగలి, ఏరు అంటే ఏరడం - నానార్థాలు చెప్పమని ఏటా పరీక్షలో ఒక మార్కుకు ఇస్తాను. నేను మోసుకొచ్చిన నిఘంటువులో మూడూ ఉన్నాయి.

పదిన్నరకు వీధిలో నీళ్ళు ఛాతీ లోతు. మధ్యాహ్నానికి మా కింది వాటా కిటికీలు కనబడలేదు. ఎక్కడో మైకులో హెచ్చరిక చెప్పారని తరవాత విన్నాం. మా సందు దాకా రాలేదు. మేడ మీద నిలబడి చూస్తే ప్రతి మేడ మీదా మనుషులే. పేర్లు తెలియని ఇరుగుపొరుగు వాళ్ళు. పక్క డాబా లేని ఇళ్ళవాళ్ళు గోడలు దూకి మా డాబా మీదికే వచ్చారు. లెక్కపెడితే ఇరవై ముగ్గురం. అందులో పాలు తాగే పిల్ల ఒకతి.

కింద బోరు మునిగింది, మోటారు మునిగింది. చుట్టూ కంటికి ఆనినంత మేర నీళ్ళే, గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. అప్పుడు అందరం ఒకేసారి ట్యాంకు వైపు చూశాం. నిండుగా ఉంది. వెయ్యి లీటర్లు.

నేను పిన్నిగారి వైపు చూడలేదు. ఆవిడే అన్నారు, నన్ను కాదు, మా ఆవిణ్ణి చూసి. "ఇంత వానకి ఎలాగూ కరెంటు పోతుంది, ముందే నింపుదామని వేశానమ్మా. మీవారు కోప్పడుతున్నట్టు కిందనుంచి వినబడింది."

ఆ వెయ్యి లీటర్లకు ఆవిడే అధికారి. స్టీలు గ్లాసుతో కొలిచి పోసేవారు. పెద్దవాళ్ళకు పూటకు రెండు, పిల్లలకు అడిగినప్పుడల్లా. ముప్ఫై ఒక్క కుండీలకు చుక్క పోయలేదు. ఇరవై ముగ్గురం మూడు రోజులు ఆ నీళ్ళతోనే బతికాం. మా బియ్యం, వాళ్ళ కందిపప్పు, ఎవరో తెచ్చిన చింతపండు. ఐసు కరిగాక ఇన్సులిన్ సీసాలను తడిగుడ్డ చుట్టిన కొత్త కుండలో పెట్టారు. ఆ కుండ పిన్నిగారు వేసవికి కొని దాచుకున్నది.

ఆటో కుర్రాడు ఆదివారమంతా ఫ్లైఓవర్ మీద నిలబడిపోయాడట. వేలమంది అలాగే నిలబడ్డారు, తమ ఇల్లున్న వైపు చూస్తూ. పడవలు చాలలేదు. ఎవరో సొంత పడవవాడు వేలల్లో అడిగాడట. సోమవారం లారీ ట్యూబు పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. మేడ ఎక్కి, తండ్రిని చూసి, పిల్లల్ని చూసి, భార్యను చూసి, "అన్నం తిన్నారా?" అని మాత్రం అడిగాడు. మంగళవారం డ్రోను ఒకటి వచ్చి పులిహోర పొట్లాలు దించి వెళ్ళింది. పెద్దాయన దాన్ని చూసి నవ్వారు. కట్ట గండ్లు పూడ్చడం 7వ తేదీకి పూర్తయింది. అది వినాయక చవితి. మా సందులో ఇంకా మోకాలి లోతు ఉండగా, మెట్ల మీద చేరిన బురదతోనే పిన్నిగారు వినాయకుణ్ణి చేశారు. తొండం సరిగా కుదరలేదు. పత్రికి ఆవిడ కుండీలే ఉన్నాయి.

బురద ఎత్తడం, గోడలు కడగడం, పాడైపోయినవి వీధిలో పోగులు పెట్టడం - ఇవన్నీ రాస్తే మరో వ్యాసం. ఊళ్ళో సగం ఇళ్ళది అదే కథ. జవాబు పత్రాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఒక్కటీ తడవలేదు. దిద్దాను. నానార్థాల ప్రశ్నకు ఒక పిల్ల ఒక్క అర్థమే రాసింది, 'రాళ్ళు ఏరు' అని. కాసేపు ఎర్రపెన్ను పట్టుకుని కూచున్నాను. అర మార్కు ఇచ్చాను.

అక్టోబరులో మా అబ్బాయి చేతికి పైనుంచి ఓ చీటీ వచ్చింది. మోటారు వైండింగు ఖర్చు, బోరులో బురద తీయించినందుకు కూలి, వెరసి ఇంత, అందులో మీ వంతు సగం అని.

వంతు సగమా, మూడింట రెండా అని ఎనిమిది నెలలు వాదించినవాణ్ణి. మోటారు బాగుచేయించే బాధ్యత ఇంటివారిదే గాని అద్దెకున్నవాళ్ళది కాదనే మంచి పాయింటు ఒకటి తట్టింది కూడా. మా ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను. డబ్బు జేబులో పెట్టుకుని, మా అబ్బాయిని పంపకుండా నేనే మెట్లెక్కాను. పిన్నిగారు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. కూచోమన్నారు. కాఫీ ఇచ్చారు. డికాక్షను ఎప్పటిలాగే పల్చన.